విదియ నాడు అండమాన్‌కి

మా వంటింట్లో ఫ్రిజ్ పక్కన మేకుకి వేలాడే తెలుగు క్యాలెండర్‌లో ఫిబ్రవరి పేజీ మీద ఇప్పుడు ఖాళీ గడి అంటూ లేదు. 19 చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా, 17 మీద అత్తయ్య పెన్సిల్‌తో కొట్టిన అడ్డగీత, 20 గడిలో "ఆటు - సాయంత్రం" అని నా కోడిగీతలు, 23 దగ్గర చిన్నది వేసిన తాబేలు బొమ్మ. పాల లెక్క, గ్యాస్ బండ వచ్చిన తేదీ వీటి కింద ఎక్కడో నలిగిపోయాయి.

అండమాన్ వెళ్తున్నాం. నాలుగు రాత్రులు, నలుగురం: నేను, మా ఆయన, నాలుగో తరగతి చదివే చిన్నది, కాకినాడ నుంచి వచ్చి మా దగ్గరే ఉంటున్న అత్తయ్య. వెళ్ళొచ్చాక నీలం నీళ్ళ ఫొటోలు పెట్టి రాసేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. నేను వెళ్ళకముందే రాసేస్తున్నాను, ఎందుకంటే పదిహేను రోజులుగా మా ఇంట్లో నడుస్తున్న రగడ అంతా ఈ ప్లానింగ్‌లోనే ఉంది, తిరిగొచ్చాక ఇదేదీ గుర్తుండదు.

సంక్రాంతికి కాకినాడ వెళ్ళినప్పుడు మొదలైంది. ఉప్పాడ ఒడ్డున నిలబడి చిన్నది "అమ్మా, ఇలా నేరుగా పోతే ఏమొస్తుంది" అని అడిగింది. మా ఆయన ఫోన్‌లో మ్యాప్ తీసి, నేరుగా పోతే బర్మా, కొంచెం కుడిచేతి వైపు తిరిగితే అండమాన్ అన్నాడు. అత్తయ్య వెంటనే "అండమానా? అక్కడికి ఖూనీకోర్లని పంపేవారురా ఆ రోజుల్లో" అన్నారు. ఆ ఒక్క మాటతో చిన్నదానికి అక్కడికే వెళ్ళాలని పట్టుకుంది. మిగతా సముద్రాలేవీ వద్దట.

వేరేవి చూడలేదని కాదు. లక్షద్వీప్ అంటే మన దేశంలోనే అయినా మనకి కూడా పర్మిట్ కావాలి, కొచ్చి వెళ్ళి అక్కడి నుంచి అగత్తి వెళ్ళాలి, నాలుగు రాత్రుల్లో రెండు దారిలోనే పోతాయి. మాల్దీవులకి మనవాళ్ళకి వీసా అక్కడ దిగాక ఉచితంగా ఇస్తారు గానీ అత్తయ్య పాస్‌పోర్టు ఎప్పుడో చచ్చిపోయింది. అండమాన్‌కి ఆధార్ చాలు. శంషాబాద్ నుంచి నేరుగా విమానం ఉంది, రెండున్నర గంటలు అటూ ఇటూ, అంటే ఎల్బీనగర్‌లో బస్సెక్కి విజయవాడ వెళ్ళేదాంట్లో సగం. అత్తయ్య మాత్రం వైజాగ్ నుంచి ఓడ ఉంటుందిగా అని రెండు రోజులు అన్నారు. ఉంది, కాకపోతే అది ఎప్పుడో ఒకసారి బయల్దేరుతుంది, చేరడానికి రెండున్నర మూడు రోజులు పడుతుంది, మేం అక్కడ దిగేసరికి మా లీవులు అయిపోతాయి.

మొదట దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ట్రావెల్స్ ఆఫీసుకి వెళ్ళాం. అతను ఒక రంగుల కాగితం చేతిలో పెట్టాడు, "5 పగళ్ళు 4 రాత్రులు, 14 ప్రదేశాలు" అని. ఇంటికొచ్చి నింపాదిగా చదివితే అందులో హావ్‌లాక్ ఒకటి, స్వరాజ్ ద్వీప్ ఇంకొకటి అని రెండు ప్రదేశాలుగా ఉన్నాయి. రెండూ ఒకటే. 2018 డిసెంబర్‌లో హావ్‌లాక్ పేరు స్వరాజ్ ద్వీప్‌గా, నీల్ పేరు షహీద్ ద్వీప్‌గా, రాస్ ఐలాండ్ పేరు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్‌గా మార్చారు. 2024 సెప్టెంబర్‌లో అక్కడి రాజధాని పోర్ట్ బ్లెయిర్‌ని శ్రీ విజయపురం చేశారు. జనం ఇంకా పాత పేర్లే అంటున్నారు, టికెట్ల సైట్లలో ఒక చోట పాతవి ఒక చోట కొత్తవి, కాబట్టి బుక్ చేసేటప్పుడు రెండు పేర్లూ ఎదురుగా రాసి పెట్టుకోవడం మంచిది. నేను కూడా ఇక్కడ పాత పేర్లే వాడుతున్నాను, అలవాటు. పేర్ల గొడవ సరే, ఆ కాగితంలో ఆఖరి రోజు పొద్దున స్కూబా డైవింగ్, మధ్యాహ్నం విమానం అని ఉంది. అది చూశాకే ఇక మనమే చేసుకుందాం అనుకున్నాను.

ఎందుకంటే డైవ్ చేసిన వెంటనే విమానం ఎక్కకూడదు. నీళ్ళ కింద ఒత్తిడికి మనం పీల్చే గాలిలోని నైట్రోజన్ రక్తంలో, కండరాల్లో కరుగుతుంది, పైకొచ్చాక మెల్లగా బయటికి పోతుంది. అది పూర్తిగా పోకముందే పైకెగిరితే, విమానంలో గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి, సోడా సీసా మూత తీసినట్టు లోపల బుడగలు కడుతుంది. కీళ్ళ నొప్పుల దగ్గర్నుంచి పక్షవాతం దాకా రావొచ్చు. ఒక్కసారి మునిగితే కనీసం 12 గంటలు, ఎక్కువసార్లైతే 18 ఆగాలంటారు, చాలామంది డైవింగ్ వాళ్ళు మాత్రం ఎందుకొచ్చిన గొడవని 24 చెప్తారు. మా ఇంట్లో మునిగేది మా ఆయన ఒక్కడే, ఈత రాదు కానీ స్కూబాకి ఈత అక్కర్లేదని ఎవరో చెప్పారట, ఆ ధైర్యం.

అప్పటి నుంచి రోజూ రాత్రి చిన్నది పడుకున్నాక డైనింగ్ టేబుల్ మీద ఒక పాత నోట్‌బుక్, రెండు ఫోన్లు. మొదట్లో అందరిలాగే రోజుల లెక్క వేశాను, మొదటి రోజు ఇది, రెండో రోజు అది అని. నాలుగుసార్లు కొట్టేశాక అర్థమైంది, అక్కడ రోజుల లెక్క పనికిరాదని. వెలుగు ఎంతసేపు ఉంటుంది, పడవ ఎప్పుడుంది, నీళ్ళు ఎప్పుడు తగ్గుతాయి, ఈ మూడూ చూసుకుని వాటి మధ్య మిగిలిన ఖాళీల్లో మనం దూరాలి.

వెలుగు సంగతి ముందు చెప్తాను, ఇది మా ఇంట్లో పెద్ద జోక్ అయింది. మన దేశం గడియారం అంతా 82.5 డిగ్రీల రేఖాంశం మీద నడుస్తుంది కదా, ఆ గీత మన కాకినాడ పక్కనుంచే పోతుంది. అంటే దేశమంతా వాడుతున్నది మా అత్తయ్య గారి ఊరి టైము. హైదరాబాద్ దానికి పడమర, 78న్నర దగ్గర. పోర్ట్ బ్లెయిర్ బాగా తూర్పున, 92 దాటి. మధ్యలో 14 డిగ్రీలు, డిగ్రీకి నాలుగు నిమిషాలు, అంటే దాదాపు గంట. గడియారం మాత్రం ఇద్దరికీ ఒకటే. ఫిబ్రవరి మూడో వారంలో ఇక్కడ సూర్యుడు ఆరూ నలభైకి వస్తే అక్కడ ఐదూ నలభైకే వచ్చేస్తాడు. అది బాగానే ఉంది, సాయంత్రం ఐదున్నరకే వెళ్ళిపోతాడు, గొడవంతా అక్కడే. హైదరాబాద్‌లో ఆదివారం ఎలా గడుపుతామో అలా తొమ్మిదికి లేచి, పదకొండుకి టిఫిన్ చేసి, భోజనం అయ్యాక ఒక కునుకు తీసి, నాలుగున్నరకి టీ తాగి బీచ్‌కి బయల్దేరితే, అక్కడికి వెళ్ళేసరికి చీకటి. సూర్యాస్తమయానికి పేరు పడ్డ హావ్‌లాక్‌లోని రాధానగర్ బీచ్ కూడా ఇంతే, నాలుగున్నరకల్లా ఇసుక మీద కూర్చుని ఉండాలి. "మీ కాకినాడ టైము మా కొంప ముంచింది అత్తయ్యా" అన్నాను. "మా టైముకి లేస్తే ఏ కొంపా మునగదమ్మాయ్" అన్నారు. ఆవిడ లేచేది నాలుగున్నరకి. ఈ ట్రిప్‌లో అసలు కష్టపడేది మా ఆయన.

తేదీల దగ్గర ఇంకో కథ. అక్కడ మే నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి వానలు, ఆ తర్వాత అక్టోబర్, నవంబర్‌లలో తుఫాన్ల భయం, సముద్రం బాగాలేకపోతే పడవలు ఆపేస్తారు. నాలుగు రోజులకి వెళ్ళి రెండు రోజులు లాడ్జిలో కిటికీలోంచి వాన చూడటం మన వల్ల కాదు. డిసెంబర్, జనవరి రేట్లు కళ్ళు తిరిగేలా ఉన్నాయి. అందుకని ఫిబ్రవరి. శివరాత్రికి ఒక సెలవు కలిసొస్తుందనుకుంటే ఈసారి అది ఆదివారం పడి గంగలో కలిసింది. పైగా "శివరాత్రి నాడు ఉపవాసం, జాగారం వదిలేసి విమానం ఎక్కుతారా ఎవరైనా" అని అత్తయ్య. సరే మంగళవారం చవగ్గా ఉంది, 17న పోదామా అన్నాడు మా ఆయన. అత్తయ్య లేచి క్యాలెండర్ దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు పైకెత్తి చూసి, పెన్సిల్‌తో అడ్డంగా ఒక గీత గీశారు.

"అమావాస్య."

"అమ్మా, విమానానికి అమావాస్య ఏంటమ్మా?"

"విమానానికి లేదురా, లోపల కూర్చునేవాళ్ళకి ఉంది."

బుధవారం పాడ్యమి, అదీ వద్దు. గురువారం 19 విదియ, మంచిది. కానీ గురువారం దక్షిణం వైపు శూల. దీనికి మాత్రం మా ఆయన ఫోన్‌లో మ్యాప్ పెద్దది చేసి చూపించి, "దక్షిణం కాదమ్మా, తూర్పే ఎక్కువ, చూడు" అని పావుగంట వాదించి గెలిచాడు. పెళ్ళయిన పన్నెండేళ్ళలో అతను వాళ్ళమ్మ మీద గెలవడం నేను చూడటం ఇది మొదటిసారి, మ్యాప్ ప్రింట్ తీసి దాచుకుందామా అన్నాను. గురువారం నుంచి సోమవారం దాకా, మూడు లీవులు. నవ్వుకుంటూనే ఒప్పుకున్నాం.

నవ్వు ఎక్కడ ఆగిందంటే, రెండు రోజుల తర్వాత నీల్ ఐలాండ్ గురించి చదువుతున్నప్పుడు. అక్కడ లక్ష్మణ్‌పూర్ వైపు ఒక రాతి తోరణం ఉంది, నేచురల్ బ్రిడ్జ్ అంటారు. పోటు మీద ఉన్నప్పుడు వెళ్తే దూరంగా నిలబడి చూడటమే, ఆటు బాగా తీసినప్పుడైతే రాళ్ళ మీద నడుచుకుంటూ కిందికి వెళ్ళొచ్చు, మధ్యలో గుంటల్లో మిగిలిపోయిన నీళ్ళలో పగడపు ముక్కలు, చిన్న చేపలు, నల్లగా దోసకాయలా పడుండే సముద్రపు జీవులు అన్నీ కనిపిస్తాయి. చిన్నదానికి స్కూబా ఉండదు కాబట్టి దాని సముద్రం అంతా ఆ గుంటల్లోనే ఉంది. ఆటు ఎప్పుడు బాగా తీస్తుంది? అత్తయ్యని అడిగితే చింతపండు పిసుకుతూనే చెప్పారు, "అమావాస్యకీ పున్నానికీ. ఆ రోజు కంటే తరవాత ఒకటి రెండు రోజులు ఇంకా ఎక్కువ. మా చిన్నప్పుడు విదియ, తదియల్లో సముద్రం ఎంత ముందుకొచ్చేదో అంత వెనక్కి పోయేది." పుస్తకాలూ అదే చెప్తాయి. సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరసలోకి వచ్చినప్పుడు లాగుడు ఎక్కువ, కానీ నీళ్ళు వెంటనే స్పందించవు, ఒకట్రెండు రోజులు ఆలస్యంగా పెద్ద పోటు, పెద్ద ఆటు వస్తాయి. అంటే ప్రయాణానికి మంచిదని ఆవిడ ఎంచిన విదియే, చిన్నదాని గుంటలకీ మంచి రోజు. మా ఆయన మొహం చూడాలి.

ఇంకోటి కూడా ఉంది. ఆటు వేళ రోజుకి సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. నేను ముందు రాసిన ప్లాన్‌లో శుక్రవారం, శనివారం హావ్‌లాక్, ఆదివారం మధ్యాహ్నం నీల్‌లో ఒక పూట. చాలామంది చేసేదదే. పట్టికలు తీసి చూస్తే శుక్రవారం నీల్ దగ్గర ఆటు సాయంత్రం వేళ, ఎండ తగ్గాక, చీకటి పడకముందు. ఆదివారానికి అది జరిగి జరిగి చీకట్లోకి పోతుంది, మేం అక్కడ ఉండే మధ్యాహ్నం నీళ్ళు నిండుగా ఉంటాయి. కాబట్టి మొత్తం తిరగేశాను. గురువారం పోర్ట్ బ్లెయిర్, శుక్రవారం పొద్దున పడవలో నీల్, సాయంత్రం గుంటలు, రాత్రి అక్కడే. శనివారం హావ్‌లాక్, మా ఆయన మునక మధ్యాహ్నంలోపు, రాత్రి అక్కడే. ఆదివారం పొద్దున్నే ఇంకోసారి బీచ్, సాయంత్రం పడవకి పోర్ట్ బ్లెయిర్. సోమవారం విమానం. స్కూబాకీ విమానానికీ మధ్య ఒకటిన్నర రోజు పైనే వచ్చింది, అది అడక్కుండా దొరికిన లాభం. చంద్రుడు ఆ రోజుల్లో సన్నగా ఉండి తొందరగా అస్తమిస్తాడు కాబట్టి హావ్‌లాక్ మడ అడవుల్లో రాత్రిపూట చిన్న పడవలో తీసుకెళ్ళి చూపించే నీళ్ళ మెరుపు కూడా దొరకొచ్చు. తెడ్డు వేస్తే నీళ్ళు నీలంగా వెలుగుతాయట, నీటిలోని సూక్ష్మజీవుల పని అది, వెన్నెల ఉంటే కనిపించదు.

అదే అమావాస్య తర్వాత నెలవంకతో రంజాన్ నెల కూడా మొదలవుతుంది. హైదరాబాద్‌లో హలీమ్ బట్టీలు వెలిగే మొదటి రోజుల్లో తను ఊళ్ళో ఉండడని మా ఆయనకి నిజంగానే బాధ. నెలంతా ఉంటుంది కదా అంటే మొదటి రోజు వేరు అంటాడు.

పోర్ట్ బ్లెయిర్‌లో గురువారం ఏం చూడాలన్నది మాత్రం నాకు సందేహం లేదు. సెల్యులర్ జైలు. 1896లో మొదలుపెట్టి 1906కి కట్టారు, మధ్యలో ఒక గోపురం, దాని నుంచి సైకిల్ చక్రం ఆకుల్లా ఏడు వరసలు, ఇప్పుడు మూడే మిగిలాయి. ఒక గదిలోవాడికి ఇంకో గదిలోవాడి మొహం కనిపించకుండా కట్టారు. నేను మాత్రం ఈ జైలు కంటే ముందు అక్కడికి వెళ్ళిన ఒక మన ఊరివాడి గురించి ఆలోచిస్తున్నాను.

నేను డిగ్రీ చదివింది కోఠి ఉమెన్స్ కాలేజీలో. అది పాత బ్రిటిష్ రెసిడెన్సీ, అంటే నిజాం కాలంలో బ్రిటిష్ ప్రతినిధి ఉన్న భవనం అని తెలుసు, ఆ పెద్ద మెట్ల దగ్గర సింహాల పక్కన ఫొటోలు దిగాం, అంతకు మించి అప్పట్లో నేనేం పట్టించుకోలేదు. 1857 తిరుగుబాటు రోజుల్లో, జులై 17న, తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ ఇద్దరూ రోహిల్లాలనే పఠాన్లని వెంటబెట్టుకుని ఆ రెసిడెన్సీ మీదికే దాడికి వెళ్ళారు. తుర్రెబాజ్ ఖాన్‌ని తర్వాత చంపేశారు, కోఠిలో ఆయన పేరున రోడ్డుంది. మౌల్వీ అల్లావుద్దీన్‌ని పట్టుకుని అండమాన్‌కి పంపారు. అప్పటికి జైలు లేదు, 1858లో మొదలైన ఖైదీల స్థావరమే, అడవులు కొట్టించేవారు. ఆయన మళ్ళీ హైదరాబాద్ చూడలేదు, అక్కడే పోయాడు. కోఠి బస్టాండ్ దగ్గర వీళ్ళ స్మారకం ఉంది, మూడేళ్ళు దాని ముందు నుంచే బస్సెక్కాను.

దీనికి తోడు పేర్లు. హావ్‌లాక్ అనగానే అత్తయ్య "మన రాజమండ్రి హేవలాక్ వంతెనా?" అన్నారు. వంతెన పేరు అప్పటి మద్రాసు గవర్నర్ ఆర్థర్ హేవలాక్‌ది, దీవి పేరు హెన్రీ హావ్‌లాక్ అనే సైన్యాధికారిది, ఇద్దరూ వేరు. ఈ హెన్రీ 1857 తిరుగుబాటుని అణిచినవాళ్ళలో పెద్దవాడు, నీల్ కూడా అదే పని చేసిన ఇంకో అధికారి. తిరగబడ్డవాళ్ళని పంపిన చోట, అణిచినవాళ్ళ పేర్లు దీవులకి. పేర్ల మార్పిడి అంటే మామూలుగా నాకు చిరాకు, ఈ రెండింటి విషయంలో మాత్రం లేదు.

ప్లాన్‌లోంచి కొట్టేసిన వాటిలో పెద్దది బారటాంగ్ దీవి. సున్నపురాయి గుహలు, మడ అడవుల మధ్య పడవ, బుస్సుమనే బురద గుంట. అందరూ తప్పక వెళ్ళమన్నారు. రాత్రి మూడింటికి లేచి, జిర్కాటాంగ్ చెక్‌పోస్ట్ దగ్గర వరసలో నిలబడి, గుంపుగా వదిలే బండ్లతో కలిసి జారవా తెగవాళ్ళ రిజర్వు అడవిలోంచి పోవాలి. బండి ఆపకూడదు, ఫొటో తీస్తే నేరం. ఒక రోజు మొత్తం పోతుంది, అది ఒక కారణం. రెండో కారణం, వాళ్ళుండేదే కొన్ని వందల మంది, వాళ్ళ ఇంటి మధ్యలోంచి రోజూ బండ్ల వరస పోవడం, అందులో సగంమంది అద్దాలకి మొహాలు ఆనించి వెతకడం నాకు నచ్చలేదు. గుహల కోసమే వెళ్తాం, వాళ్ళని చూడటానికి కాదు అనొచ్చు. మాకు బొర్రా గుహలున్నాయి, ఎప్పుడైనా అరకు వెళ్ళి చూసుకుంటాం.

ఇక పడవలు. ప్రభుత్వ పడవలు చవక, కొన్ని వందల్లో అయిపోతుంది, కానీ బయటివాళ్ళకి టికెట్ దొరకడం కష్టం, స్థానికులకి అదే బస్సు, ఆస్పత్రికీ కాలేజీకీ అందులోనే రావాలి, కాబట్టి ఆ సీట్ల కోసం మనం కొట్టుకోకపోవడమే న్యాయం. ప్రైవేటు ఏసీ పడవలు గంటన్నరలో చేరుస్తాయి, ఒక్కో విడతకి మనిషికి పదిహేను వందల నుంచి రెండు వేల దాకా. మూడు విడతలు, నలుగురం, మీరే లెక్కేసుకోండి. విమానం టికెట్ల తర్వాత మా ఖర్చులో పెద్దది ఇదే. ఒక మాట, విమానం దిగిన రోజే పడవ పెట్టుకోకండి. విమానం గంట ఆలస్యమైతే పడవ పోతుంది, పడవ పోతే గది డబ్బులు పోతాయి, ఒకదాని వెనక ఒకటి కూలిపోతాయి. తిరుగు ప్రయాణానికీ అంతే, ముందు రాత్రికే పోర్ట్ బ్లెయిర్ వచ్చేసి ఉండాలి.

ఆ ఏసీ పడవల్లో కిటికీలు తెరుచుకోవు, వాంతులు బాగా అవుతాయట. చిన్నది ఆరాంఘర్ ఫ్లైఓవర్ మీద కారులోనే కక్కుతుంది. డాక్టర్ని అడిగి మాత్ర రాయించుకున్నాం, ఎక్కడానికి అరగంట ముందు వేయాలి. అత్తయ్య మాత్రల్ని నమ్మకుండా అల్లం మురబ్బా చేశారు. నిన్న చేసి పళ్ళెంలో నెయ్యి రాసి పోశారు, ముక్కలు కోసేసరికి మూడో వంతు మిగిలింది, ప్రయాణానికి ఇంకా మూడు వారాలుంది. మళ్ళీ చేయాలి.

టికెట్లు కొనేటప్పుడు జరిగింది చెప్పకపోతే కుదరదు. సైట్‌లో మొదటి పేరు, చివరి పేరు అని రెండు గళ్ళు. అత్తయ్య ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, అదీ ముందు, తర్వాత పేరు రెండు ముక్కలుగా. బ్యాంకు పాస్‌బుక్‌లో ఇంటిపేరు పూర్తిగా, పేరు ఒక్క ముక్కగా. ఓటరు కార్డులో మామయ్యగారి పేరు కూడా కలిసిపోయి ఉంది. చివరి పేరు దగ్గర ఒక్క అక్షరం వేస్తే ఆ సైట్ ఒప్పుకోలేదు. ఇంటిపేరు పూర్తిగా వేస్తే ఆధార్‌తో కలవదు. అరగంట కుస్తీ పట్టి, ఆఖరికి పేరులోని రెండో ముక్కనే చివరి పేరు చేసి కొన్నాం, ఈలోపు రేటు నాలుగు వందలు పెరిగింది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే పర్వాలేదు అన్నారు. అత్తయ్యకి మాత్రం గేటు దగ్గర తనని ఒక్కదాన్నే ఆపేస్తారని టెన్షన్, మూడు కార్డులూ రబ్బరు బ్యాండ్ వేసి పర్సులో పెట్టుకున్నారు.

భాష గురించి ఆవిడకి ఇంకో దిగులుండేది, అది తీరిపోయింది. పోర్ట్ బ్లెయిర్‌లో మనవాళ్ళు చాలామంది ఉన్నారు. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్‌లో నూటికి పదమూడుమంది తెలుగు మాతృభాషవాళ్ళు, ఎక్కువగా ఉత్తరాంధ్ర వైపు నుంచి వెళ్ళినవాళ్ళు, తెలుగు చెప్పే బళ్ళు కూడా ఉన్నాయి. ఇది చెప్పినప్పటి నుంచి ఆవిడ "చేపలు పట్టేవాళ్ళలో మా ఉప్పాడవాళ్ళు ఎవరో ఒకరు కనబడకపోరు" అంటున్నారు. కనబడితే ఇక పడవ అందుకున్నట్టే.

సర్దుడు సగం అయింది. నగదు కొంచెం ఎక్కువే పెట్టుకుంటున్నాం, దీవుల్లో ఏటీఎంలు తక్కువ. 2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున 2,300 కిలోమీటర్ల కేబుల్ వేశాక నెట్ చాలా మెరుగైందంటారు గానీ, హావ్‌లాక్, నీల్‌లలో నెట్ లేక ఫోన్‌లో డబ్బు కట్టలేకపోతే అక్కడ అప్పు పెట్టేవాళ్ళెవరూ ఉండరు. చిన్నదానికి ముందే చెప్పేశాను, గవ్వలూ పగడపు ముక్కలూ ఏరుకోవచ్చు, చూసి మళ్ళీ అక్కడే పెట్టేయాలి అని. చచ్చిన పగడం ముక్క బ్యాగులో దొరికినా వన్యప్రాణి చట్టం కింద నేరమే, విమానాశ్రయంలో పట్టుకుంటారు. "మరి ఏరుకోవడం ఎందుకు" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు, ఫొటో తీసుకుందువులే అన్నాను. అక్కడ ఉప్పునీటి మొసళ్ళు ఉంటాయని, బోర్డు పెట్టిన చోట నీళ్ళలోకి దిగకూడదని దానికి చెప్పాను. అత్తయ్యకి చెప్పలేదు. ఈ పోస్టు ఆవిడకి ఎవరూ చదివి వినిపించకండి.

ఆవకాయ సీసా మీద చర్చ ఇంకా నడుస్తోంది. చేతి సంచీలో నూనె పచ్చడి వద్దనుకున్నాం, చెక్ ఇన్ సామానులో పెట్టాలి. పెడితే నా చీరల మధ్య పెట్టాలట, మెత్తగా ఉంటాయని. మొన్న ఆవిడ ట్రయల్ కింద సీసాకి మూత మీద పాలిథిన్ కవర్ వేసి, దారం చుట్టి, ఇంకో కవర్‌లో వేసి, దాన్ని పాత తువ్వాలులో చుట్టి, రాత్రంతా తలకిందులుగా బోర్లించి పెట్టారు. పొద్దున చూస్తే తువ్వాలు మీద రూపాయి బిళ్ళంత ఎర్రమచ్చ. "ఇంకో కవర్ వేస్తే సరిపోద్ది" అన్నారు.

నీల్‌లో గది ఇంకా బుక్ కాలేదు. ఒకాయన ఇవాళ చెప్తానన్నాడు, పై అంతస్తు గది, మెట్లు ఎక్కువట, అత్తయ్య మోకాళ్ళకి కింద గదే కావాలని అడిగాను. రాత్రి తొమ్మిది లోపే ఫోన్ చేయమన్నాడు, ఆ తర్వాత పడుకుంటాడట. ఇప్పుడు ఎనిమిదీ యాభై, పప్పు కుక్కర్ ఇంకో రెండు విజిల్స్ రావాలి, చేసేసి వస్తాను.